పసుపు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి

వంటింటి అలమరలు సర్దుకోవడం గురించి మాట మొదలైతే చాలు, అందం దగ్గరికి వెళ్ళి ఆగిపోతుంది. ఒకే రకం సీసాలు, ఒకే రంగు మూతలు, తలుపు తీయగానే తీర్చిదిద్దిన వరసలు. అందం మీద నాకు విరోధం లేదు. అయితే అలమర సర్దడానికి అంతకంటే పెద్ద కారణం ఒకటి ఉంది. ఏ వస్తువు ఎక్కడుందో ఒక్కరికే తెలిసిన వంటింట్లో వంట కూడా ఆ ఒక్కరి మెడకే చుట్టుకుంటుంది. మిగిలినవాళ్ళకు సాయం చెయ్యాలని ఉన్నా చెయ్యి ఆడదు. చెయ్యడం ఇష్టం లేనివాళ్ళకు అడగకుండానే ఒక సాకు దొరుకుతుంది.

మేముండేది బెంగళూరులో, కె.ఆర్.పురం వైపు. మా వంటింట్లో నాతో పాటు ఇంకొందరి చేతులు తిరుగుతాయి. పొద్దున పూట వంటమనిషి వస్తుంది, ఆమెది తుమకూరు జిల్లా. ఏడాదిలో కొన్ని నెలలు అత్తయ్య నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంటారు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో సాయంత్రం కుక్కర్ పెట్టేది మా ఆయనే. వీళ్ళందరికీ వంట వచ్చు. అయినా నేను ఆఫీసులో ఉండగా ఫోను మోగేది.

"పసుపు డబ్బా ఎక్కడ పెట్టావు?"

"నూనె సీసా వెనకాల చూడండి."

"నూనె సీసా ఎక్కడుంది?"

ఆయనకు వంట కష్టం కాలేదు, వెతకడమే కష్టమైంది. కందిపప్పు ఎంత మిగిలింది, విప్పిన మినప్పప్పు సంచీ ఏ మూల ఉంది, పాత ఇంగువ అయిపోయిందా లేదా అన్నది మొత్తం నేనొక్కదాన్నే తలలో మోస్తూ తిరగాల్సి వచ్చేది. కంటికి కనిపించే పనినైతే ఎవరో ఒకరు అందుకుంటారు. కనిపించని ఈ బరువును పంచుకుందామని ఎవరికి మాత్రం తోస్తుంది?

ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలరూపం 1926లో జర్మనీలో తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కరవు తీర్చడానికి ఫ్రాంక్‌ఫర్ట్ నగరం పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టిస్తున్నప్పుడు, మార్గరెటె షూటె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు వాటికి వంటగది గీసింది. వెడల్పు రెండు మీటర్లకు కాస్త తక్కువ, పొడవు మూడున్నర మీటర్లకు కాస్త తక్కువ. మనిషి వేసే అడుగులూ పనికి పట్టే సమయమూ లెక్కగట్టి ఏది ఎక్కడుండాలో తేల్చింది. బియ్యం, పంచదార లాంటి సరుకులకు పేర్లు చెక్కిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. సొరుగును పిడితో పట్టి బయటికి లాగి, దాని మూతిలోంచి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు. పిండికి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు అమర్చింది. దాదాపు పదివేల ఇళ్ళకు ఆ వంటగది చేరింది. అంత తెలివైన ఏర్పాటు మీద తర్వాతి దశాబ్దాల్లో స్త్రీవాదులు గట్టి విమర్శ చేశారు. అందులో పట్టేది ఒక్క మనిషే, ఆ మనిషి ఇల్లాలే అని ముందుగానే రాసిపెట్టినట్టయిందని. ఆ సొరుగుల మీద నాకు ఎంత గౌరవమున్నా ఈ విమర్శ సబబుగానే తోస్తుంది. ఒక్కరికి అడుగులు తగ్గించే వంటిల్లు వేరు, నలుగురికి చోటిచ్చే వంటిల్లు వేరు.

మన ఊళ్ళో అయితే ఆ మొదటి మేలు కూడా పూర్తిగా అందడం లేదు. షోరూముకు వెళితే రంగులు, మెరుపులు, పిడి లేని తలుపులు చూపిస్తారు. లోపల ఏముంటుందని అడిగితే తీగ బుట్టల జాబితా చేతిలో పెడతారు: కప్పు సాసర్ బుట్ట, ప్లేట్ల బుట్ట, మామూలు బుట్ట, స్పూన్ల ట్రే. మా ఇంటికీ అవే వచ్చాయి. కప్పు సాసర్ బుట్టలో సాసర్లు నిలబడటానికి వంపు తిరిగిన కమ్మీలు, కప్పులు పెట్టడానికి విడిగా గడులు ఉంటాయి. మేము కాఫీ తాగేది స్టీలు గ్లాసుల్లో. ఆ బుట్టలో గ్లాసు పెడితే రెండు కమ్మీల మధ్య ఒక పక్కకు ఒరుగుతుంది, లాగినప్పుడల్లా గలగలమంటుంది. చిన్న మూతలు సందుల్లోంచి జారి కిందికి పోతాయి, వాటిని తీయాలంటే బుట్ట మొత్తం ఊడదీయాలి. వంటగట్టు కింద, చేతికి అన్నిటికంటే సులువుగా అందే చోటు, మేము వాడని సాసర్ల పేరున పోయింది. ఇడ్లీ పాత్ర ఎత్తెంత, అట్ల పెనం వెడల్పెంత, కుక్కర్ మూతతో కలిపి ఎంత అని అడిగినవాళ్ళు లేరు. గోడలు కొలవడానికి వచ్చేవాళ్ళు గిన్నెలు కూడా కొలవాలి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఎత్తుల విషయంలో జరిగే అన్యాయం ఇంకా పెద్దది. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. వంటగట్టు 34 అంగుళాల ఎత్తున కట్టి, దాని మీద రెండడుగుల ఖాళీ వదిలి పై అలమర మొదలుపెడితే, ఆ అలమర అడుగుభాగం నేలకు 58 అంగుళాల ఎత్తున వస్తుంది. అయిదడుగుల మనిషి కళ్ళు 56 అంగుళాల దగ్గర ఉంటాయి. కింది అరలో సైతం ముందు వరస తప్ప ఆమెకు ఇంకేమీ కనిపించదు. రెండో అర ఆరడుగుల ఎత్తుకు పోతుంది. మధ్యలో రెండడుగుల వెడల్పున గట్టు అడ్డం. మునివేళ్ళ మీద లేచి, ముందుకు వంగి, కనిపించనిదాన్ని తడిమి తీయాలి. అదీ, పక్కన పొయ్యి మీద నూనె కాగుతుండగా. అత్తయ్యకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. "అమ్మాయ్, ఆ పంచదార డబ్బా కాస్త అందించు" అని ఆమె అడిగినప్పుడల్లా ఆ అలమర గీసినవాళ్ళ మీద నాకు మండిపోయేది. బతుకంతా పదిమందికి వండిపెట్టిన మనిషి తన కాఫీలోకి చెంచాడు పంచదార కోసం ఇంకొకరిని అడగాల్సి రావడం ఆమెకు ఎంత చిన్నతనంగా ఉంటుంది!

అందుకని మా ఇంట్లో ఒక హద్దు గీసుకున్నాం. అత్తయ్య మోకాలి నుంచి భుజం దాకా ఉన్న జాగా రోజువారీ వస్తువులది. ఇంట్లో అందరికంటే పొట్టివాళ్ళెవరో, చెయ్యి లేవనివాళ్ళెవరో వాళ్ళ కొలతే ఇంటి కొలత కావాలి. పొడుగువాళ్ళకు కాస్త వంగడం పెద్ద పని కాదు. కుక్కర్లూ మూకుళ్ళూ పొయ్యి పక్కన, గట్టుకు సరిగ్గా కింది సొరుగులోకి వచ్చాయి. రుబ్బే గ్రైండర్ గట్టు మీదే స్థిరపడింది. పది కిలోలు దాటే ఆ యంత్రాన్ని కింది అలమరలోంచి వంగి ఎత్తడం నడుముకు చేటు. పై అలమర మొదటి అరలో తేలికైనవి, రెండో అరలో పొయ్యి వెలిగించాక ఎవరికీ అక్కర్లేనివి. అటక మీద పండగ సామాను, అదీ బరువు లేనిదే. ఇత్తడి అండాలు, పెద్ద బిందెలు అటకకెక్కించి, ఏడాదికోసారి స్టూలెక్కి దించుకునే అలవాటు మన ఇళ్ళల్లో చాలా చోట్ల ఉంది. దయచేసి మానుకోండి. వాటికి నేల మీదే ఒక మూల చూడండి.

ఇక లోతు. కింది అలమర లోతు దాదాపు 24 అంగుళాలు ఉంటుంది. తలుపు తీసి అరలో గిన్నెలు పెడితే ముందు సగం మనది, వెనక సగం చీకటిది. ఆ చీకట్లోకి వెళ్ళిన గిన్నె ఉందన్న సంగతే మరిచిపోయి ఇంకోటి కొంటాం. చిక్‌పేటలో గిన్నెల కొట్లకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఒకే కొలత గిన్నె రెండోది చేరుతుంటే, అది మనిషి ఆశ అనుకుంటాం. సగం తప్పు ఆ అరదే. అందుకే కింది భాగంలో తలుపులూ అరలూ మానేసి సొరుగులు పెట్టించమని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుంటాను. సొరుగు లాగితే వెనకదీ ముందుకొస్తుంది, మోకాళ్ళ మీద కూర్చుని తల లోపల పెట్టే పని తప్పుతుంది. గిన్నెలను ఒకదాంట్లో ఒకటి ఎంత ఎత్తయినా పేర్చవచ్చు గాని, కావలసిన గిన్నె తీయడానికి రెండు గిన్నెల కంటే ఎక్కువ కదపాల్సి వస్తే ఆ పేర్పు పనికిరాదు. మూతలు మాత్రం గిన్నెల మీద వద్దు. ప్లేట్ల బుట్ట ఉంటే మూతలన్నీ అందులో నిలువుగా పెట్టి చూడండి. వరసలో కనిపిస్తాయి, చప్పుడు లేకుండా వస్తాయి.

దేని పక్కన ఏది ఉండాలన్న ప్రశ్నకు జవాబు మన పోపుల పెట్టెలోనే ఉంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు, పసుపు. ఇవి ఒక జాతివి కావు. పప్పులున్నాయి, గింజలున్నాయి, కాయ ఉంది, పొడి ఉంది. నూనె కాగాక క్షణాల్లో వరసగా కావలసి వస్తాయి కాబట్టి ఒక మూత కింద చేరాయి. వస్తువు జాతిని పక్కనబెట్టి పని జరిగే క్షణాన్ని చూసి సర్దిన సర్దుడు అది. అదే లెక్కన కాఫీపొడి, ఫిల్టరు, పంచదార, గ్లాసులు ఒక అరలోకి వస్తే అత్తయ్య తెల్లవారుజామున ఎవరినీ లేపక్కర్లేదు. ఇడ్లీ రవ్వ, ఇడ్లీ పళ్ళేలు, తడిపి పరిచే గుడ్డ ఒక చోట. పిల్లవాడి టిఫిన్ బాక్సు, దాని మూతలు, నీళ్ళ సీసా ఇంకో చోట, వాడి చేతికి అందే ఎత్తున. పప్పులన్నీ ఒక వరస, పిండ్లన్నీ ఒక వరస పెట్టడం కొట్టువాడికి నప్పుతుంది, వండేవాళ్ళకు నప్పదు.

ఇప్పుడు డబ్బాల సంగతి చెప్పాలి, ఎందుకంటే అలమరలు చిందరవందర కావడం ఇక్కడే మొదలవుతుంది. బజారులో ఒక లీటరు సీసాలు అందంగా ఉంటాయి, ఆరేసి కలిపి అమ్ముతారు. కిలో కందిపప్పుకు సుమారు లీటరుంబావు చోటు కావాలి. లీటరు సీసా నింపగానే ప్యాకెట్లో పావుకిలో దాకా మిగులుతుంది. దానికి రబ్బరు బ్యాండు చుట్టి సీసా వెనక పెడతాం. మినప్పప్పుకూ అంతే, శనగపప్పుకూ అంతే. బొంబాయి రవ్వ ఇంకా తేలిక కాబట్టి కిలోకు లీటరున్నర కావాలి, మిగులు ఇంకా ఎక్కువ. నాలుగు వారాలు తిరిగేసరికి సీసాల వెనక రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్ల వరస ఒకటి తయారవుతుంది, అందులో ఏది ఏ నెలదో ఎవరికీ తెలియదు. కొనే ప్యాకెట్టు మొత్తం మింగి, పైన రెండు వేళ్ళు ఖాళీ మిగిలే డబ్బా కొనండి: పప్పులకు లీటరున్నర, రవ్వకు రెండు లీటర్లు, అయిదు కిలోల గోధుమపిండికి పది లీటర్లు. గుండ్రటివాటి మధ్య సందులు వృథా అవుతాయి కాబట్టి నలుచదరంవి మేలు. ఆకారాలు కలవకపోయినా ఫరవాలేదు, కొలతలు కలవాలి.

బియ్యానికీ ఇదే లెక్క. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక మిల్లులు 26 కిలోల సంచులు దించాయి. బెంగళూరులో సోనా మసూరి ఇప్పుడు మాకు ఆ సంచీలోనే వస్తోంది. 26 కిలోలకు ముప్పై మూడు లీటర్ల దాకా చోటు కావాలి. పాత డబ్బాలో పాతిక కిలోలు పోసి మిగిలిన కిలో సంచీలో మడిచి పెడితే పురుగుకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు.

పురుగు అన్నాను కాబట్టి కాస్త ఆగుతాను. బియ్యంలో వచ్చే ముక్కుపురుగు గింజకు కన్నం చేసి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తిని పెరిగి, వెచ్చటి వాతావరణంలో నెల రోజుల అటూ ఇటూగా బయటికి వస్తుంది. కాబట్టి పైకి శుభ్రంగా కనిపించే అడుగు బియ్యంలో గుడ్లు ఉండవచ్చు. వాటి మీద కొత్త బియ్యం గుమ్మరించామంటే ఏడాది పొడుగునా పురుగుకు భోజనం పెట్టినట్టే. పాతవి వేరే గిన్నెలోకి తీసి, డబ్బా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక కొత్తవి పోయాలి. పాతవి ముందు వాడాలి. వేపాకులు, ఎండుమిరపకాయలు వేసే ఇళ్ళున్నాయి, మేమూ వేస్తాం, కానీ అడుగు ఖాళీ చెయ్యకుండా అవి వేసి ప్రయోజనం లేదు. ఈ ఒక్క నియమం ఇంట్లో అందరికీ తెలిస్తేనే నిలబడుతుంది. సరుకులు వచ్చిన రోజు తలుపు తీసినవాళ్ళే సర్దుతారు కదా.

పేర్ల చీటీలు ఏ లిపిలో రాయాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అత్తయ్య తెలుగే చదువుతారు, వంటమనిషి కన్నడమే చదువుతుంది, మావాడికి ఇంగ్లీషే త్వరగా కళ్ళబడుతుంది. చివరికి పారదర్శకమైన డబ్బాలు పెట్టాం. కందిపప్పును చూసినవాళ్ళెవరూ చీటీ అడగరు. చీటీ కావలసింది చూపుకు ఒకేలా ఉండేవాటికి: బియ్యప్పిండి, మైదా, మొక్కజొన్న పిండి, సన్న ఉప్పు, పొడి పంచదార. వాటికి మూడు లిపుల్లోనూ రాసి అంటించాం, రాసింది మావాడు. ఇంకో చీటీ డబ్బా అడుగున ఉంటుంది, నింపిన తేదీతో.

"మా అమ్మలు ఈ సొరుగులూ కొలతలూ లేకుండానే వండలేదా" అని అడిగేవాళ్ళుంటారు. వండారు. కానీ వాళ్ళ వంటింట్లో సరుకు కళ్ళెదుట ఉండేది. గోడలో గూళ్ళు, కొయ్య పలకలు, నేల మీద వరసగా జాడీలు. బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి వైపు పాత ఇళ్ళకు వెళితే వంటింటి గోడలకు కడప బండలు అరలుగా వేసి కనిపిస్తాయి. మన కడప నల్లరాయి ఇన్ని మైళ్ళు వచ్చి ఇక్కడి వంటిళ్ళ బరువు మోసింది. నీళ్ళు పడితే ఉబ్బదు, చెద పట్టదు, తలుపు లేదు కాబట్టి దాపరికం లేదు. అటువైపు వెళ్ళిన బంధువులెవరైనా గ్లాసు ఎక్కడుందని అడిగే అవసరమే రాదు. దుమ్ము పడుతుంది, నిజమే. రోడ్డు మీద ఉన్న ఇంటికి అది పెద్ద బాధే. అయినా కొత్తగా కట్టుకునేవాళ్ళు కనీసం ఒక అర తలుపు లేకుండా వదిలి, రోజూ వాడే పళ్ళేలూ గ్లాసులూ అందులో పెట్టుకోవాలని నా కోరిక. రోజూ కడిగేవాటి మీద దుమ్ము నిలవదు.

అద్దె ఇళ్ళ సంగతి వేరు. ఈ ఊళ్ళో మన తెలుగువాళ్ళలో చాలామంది మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల అద్దెకుంటారు. ఓనరు వుడ్‌వర్క్ చేయించి ఇస్తాడు, మేకు కొట్టనివ్వడు. అలాంటివాళ్ళు మొదట అలమర లోపలి పక్క పలకలు చూడండి. చాలా మాడ్యులర్ అలమరల్లో 32 మిల్లీమీటర్ల దూరంలో వరసగా చిన్న చిల్లులు ఉంటాయి. అర ఆ చిల్లుల్లోని పిన్నుల మీద కూర్చుంటుంది. పిన్నులు మారిస్తే అర పైకీ కిందికీ జరుగుతుంది. ఏమీ పాడు కాదు. పెద్ద డబ్బాకు ఎత్తు చాలక పక్కకు పడుకోబెట్టిన ఇళ్ళల్లో ఈ ఒక్క పని సగం ఇబ్బంది తీరుస్తుంది. లోతైన అరల్లోకి పొడవాటి ప్లాస్టిక్ ట్రేలు కొనండి, డబ్బాలు వాటిలో పెడితే ట్రే లాగి వెనకది అందుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు ట్రేలు మీతోనే వస్తాయి. సింకు కింద మాత్రం తినే వస్తువేదీ పెట్టకండి. అక్కడ చెమ్మ తప్పదు.

సొంత ఇల్లున్నవాళ్ళు ఖర్చు గురించి అడుగుతారు. సొరుగులు అరల కంటే ఖరీదే. సొరుగు జారే పట్టాలకే, అంటే ఛానళ్ళకే, చాలా అవుతుంది, బరువు మోసేవి కావాలంటే ఇంకా అవుతుంది. ఆ డబ్బు నిగనిగలాడే తలుపుల పూతలోంచి తీయండి, మూల అలమరలో తిరిగే చక్రాల బుట్టలోంచి తీయండి, పైకప్పు దాకా పోయే అటక తలుపుల్లోంచి తీయండి. సింకు కింది పెట్టెకు మాత్రం మరుగునీటికి తట్టుకునే ఐఎస్ 710 ప్లైవుడ్డే వాడమని పట్టుబట్టండి, అక్కడ పొదుపు వద్దు. కొలతలకు మనిషి వచ్చిన రోజు ఇంట్లో వంట చేసే అందరినీ గట్టు ముందు నిలబెట్టి చెయ్యి చాచమనండి. పొట్టిచేతికి అందిన ఎత్తు గోడ మీద పెన్సిలుతో గీయించి, పై అలమర రెండో అర ఆ గీతకు కిందనే వచ్చేలా డ్రాయింగు మార్పించండి. కుక్కరూ ఇడ్లీ పాత్రా గట్టు మీద పెట్టి వాటికీ టేపు వేయించండి. సంతకం, అడ్వాన్సు ఆ తర్వాతే.